హుమాకు దొరకని పర్సు

తలుపు వెనక నుంచి మళ్లీ నవ్వు వినిపించింది.

ఇంటర్వ్యూ గదిలో నుంచి నవ్వు వస్తే బయట వరుసలో కూర్చున్నవాళ్లకు నవ్వు రాదు. హుమా చేతి గడియారం చూసుకుంది. మనిషి లోపలికి పోయిన రెండు నిమిషాలకు నవ్వు. ముందు పోయిన ముగ్గురికీ అంతే. ఈ నాలుగోసారి నవ్వుతోపాటు ఎవరో బల్ల మీద చరిచిన చప్పుడు కూడా వచ్చింది.

లోపల ఏదో జరుగుతోంది. అదేమిటో తెలియకుండా తన వంతు రాకూడదు.

అది 2002 జూన్, ఒక శనివారం. కుప్పంలో రైల్వే గేటు దాటాక ఉండే ఒక అద్దె ఇల్లు. వరండాలో గ్రానైటు పలకలు పరిచిన అరుగు మీద పొద్దున తొమ్మిది మంది కూర్చున్నారు. ఉద్యోగం మాత్రం ఒకటే. ఆ ఉద్యోగం ఇంటి ముందే నిలబడి ఉంది, నాలుగు చక్రాల మీద. పాత మెటడోర్ వ్యాను. ఒక ట్రస్టు వాళ్లు దాన్ని కొని లోపల అరలు కొట్టించి మైక్రోస్కోపు, అయస్కాంతాలు, పటాలు, రెండొందల పుస్తకాలు సర్దారు. చుట్టుపక్కల ముప్పై ఆరు ఊళ్ల బడులకు అది తిరగాలి. దాంతో పాటు తిరిగి పిల్లలకు చూపించే టీచరు కావాలి. పేపర్లో ప్రకటన వేశారు.

హుమాకు ఇరవై మూడేళ్లు. పుంగనూరులో పరుపుల అంగడి పెట్టుకున్న ఇమాముద్దీన్ కూతురు. ఈ ఉద్యోగం రాకపోతే ఏమవుతుందో ఆమెకు పొద్దున్నే స్పష్టంగా తెలిసింది, బస్టాండులో.

"ఇదే కడాపటిది," అన్నాడు ఇమాముద్దీన్. "ఎనిమిదేండ్లు సదివినావు. సదువు మీద సదువు మార్చినావు. నేను ఏమన్నా అన్నానా? అనలే. ఈడ కూడా రాకపోతే సోమవారం నుంచి అంగట్లో కూర్చో. దూది నువ్వు సూసుకో, కుట్టే పని నేను సూసుకుంటా. సరేనా?"

"వస్తే?"

"వస్తే కుప్పంలో ఉండు. నేను అడ్డం రాను."

ఆమె సరేనంది. పరుపుల అంగడి అంటే హుమాకు చిన్నచూపేమీ లేదు. ఆ దూదితోనే ఆమె ఇంత పెరిగింది. కాని అక్కడ కూర్చుంటే రోడ్డు మీద బస్సులు పోతుంటాయి, తను పోదు. అదే ఆమె బాధ.

బస్సు పలమనేరు దాటేదాకా ఆమె తన పరిచయాన్ని వల్లె వేస్తూనే ఉంది. ఇంగ్లీషులో రెండు పేరాలు. మదనపల్లె బస్టాండు దగ్గర, టైలరు కొట్టు పైన, మునికృష్ణ సారు మూడు వారాల ఇంగ్లీషు కోచింగు నడుపుతాడు. ఆఖరి రోజున ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇస్తాడు. పేరు దగ్గర ఖాళీ, ఊరు దగ్గర ఖాళీ. మిగిలిందంతా ఆయనే రాసి ఉంటాడు. చదువు సాఫీగా సాగిందని, హాబీలు నాణేలు సేకరించడం, తోటపని అని, చివర్లో ఒక చిన్న సంఘటన. ఆరో తరగతిలో ఉండగా బడి గేటు దగ్గర పర్సు దొరికింది, తీసుకెళ్లి హెడ్మాస్టరు చేతికి ఇచ్చాను, ఆయన అసెంబ్లీలో చప్పట్లు కొట్టించాడు.

ఇమాముద్దీన్‌కు ఇంగ్లీషు రాదు. అయినా ఒక మాట పట్టుకున్నాడు.

"పర్సు అంటాండావే, ఏం పర్సు?"

"ఆరో తరగతిలో దొరికింది."

"నాకు తెలీకుండానా? ఎవురిది?"

"ఎవురిదీ కాదు అబ్బాజాన్. సారు రాసిచ్చినాడు."

"దొరకని పర్సు దొరికిందని యాల చెప్పాల?"

"ఇంటర్వ్యూలో అందరూ అట్లనే చెప్తారు."

ఆ మాట ఎంత నిజమో అప్పటికి ఆమెకు తెలియదు.

తలుపు తెరుచుకుంది. నాలుగో అభ్యర్థి అరుణ్ కుమార్ బయటికి వచ్చాడు. మదనపల్లె కుర్రాడు, టై కట్టుకున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. వచ్చి హుమా పక్కన కూలబడ్డాడు.

"ఏం అడిగినారు?" అంది హుమా.

"ఏముండాది? మీ గురించి చెప్పండి అన్నారు. చెప్పినా. బాగనే చెప్పినా. పర్సు కాడికి వచ్చేతలికి ఇద్దరూ పడి పడి నవ్వినారు."

"ఏం పర్సు?"

"నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు..."

"బడి గేటు కాడ దొరికింది," అంది హుమా.

అరుణ్ కుమార్ ఆమె వైపు తిరిగాడు. "హెడ్మాస్టరుకి ఇచ్చినా," అన్నాడు మెల్లగా.

"చప్పట్లు కొట్టించినాడు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మునికృష్ణ సార్ బ్యాచ్చా?" అంది హుమా.

"మార్చి బ్యాచ్. నువ్వు?"

"ఏప్రిల్."

పేపర్లో ప్రకటన చూసి, దాన్ని కత్తిరించి తమ బ్యాచ్‌లో అందరికీ పంచింది సారే. అది హుమాకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఆమె లేచి నిలబడి అరుగు పొడవునా చూసింది. తనతో కలిపి ఇంకా ఐదుగురు మిగిలారు.

"ఈడ మదనపల్లెలో మునికృష్ణ సార్ దగ్గర నేర్చుకున్నోళ్లు ఎంతమంది?"

మూడు చేతులు లేచాయి, ఒకదాని వెనక ఒకటి, భయంభయంగా. హుమా నాలుగోది. చెయ్యి ఎత్తని ఒకే ఒక్కడు నలభై ఏళ్ల వెంకటముని. వి.కోట మనిషి. పదకొండేళ్లు ఒకే ప్రైవేటు బళ్లో పనిచేసి, అది మూతపడితే వచ్చాడు.

"నాకైతే ఏ పర్సూ దొరకలేదమ్మా," అన్నాడాయన. "దొరికుంటే ఇచ్చేవాడ్నో లేదో కూడా చెప్పలేను."

అప్పుడే లోపల నుంచి ఐదో పిలుపు వచ్చింది. సుధారాణి. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "ఇప్పుడేం చెయ్యాల?" అంది హుమాతో.

"పర్సు వదిలెయ్. ఇంకేమన్నా చెప్పు."

"ఇంకేం చెప్పాల? నాకు ఇదొక్కటే కదా వచ్చేది."

లోపలికి పోయింది. రెండు నిమిషాలు. నవ్వు. బయటికి వచ్చిన సుధారాణి కళ్లు తుడుచుకుంటోంది, ఏడుస్తూ కాదు, నవ్వుతూ. "బంగారు గొలుసు దొరికిందని చెప్పినా. పర్సు కన్నా బరువుగా ఉంటాదని. నాకే నవ్వొచ్చేసింది. ఇంగ రాదులే ఉద్యోగం, ఇంటికి పోతా."

ఆరో మనిషి ఇంకా దూరం పోయాడు. తప్పిపోయిన ఆవు దొరికిందన్నాడు. ఈసారి నవ్వు రాలేదు. తలుపే తెరుచుకుంది. ట్రస్టు సెక్రటరీ నారాయణస్వామి గడప మీద నిలబడ్డాడు. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. కళ్లజోడు చేత్తో పట్టుకుని మర్యాదగా ఒక ప్రకటన చేశాడు.

"మిగిలినవాళ్లలో ఎవరికైనా పర్సు గాని, గొలుసు గాని, ఆవు గాని దొరికి ఉంటే, దయచేసి ఇక్కడి నుంచే వెళ్లిపోవచ్చు. వెంకటముని గారు, రండి."

ఎనిమిదో నంబరు అబ్బాయి ఫైలు చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచాడు. అరుగు మీద హుమా ఒక్కతే మిగిలింది.

వెంకటముని లోపల ఉన్నాడు. నవ్వు లేదు. ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది. మాటలు మాత్రం నిలకడగా వినిపిస్తున్నాయి. ఇంటర్వ్యూ అంటే అట్లా సాగాలి. పదకొండేళ్లు ఒకే చోట పనిచేసిన మనిషికి ఎవరు కాదంటారు?

హుమా రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి పోయింది. ఇమాముద్దీన్ టీలో బన్ను ముంచుకుంటున్నాడు. ఆమె జరిగింది చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత మొహం విప్పారింది.

"అయితే సోమవారం అంగటికి వస్తావన్న మాట."

"ఇంకా నా వంతు కాలేదు."

"ఏం చెప్తావు? పర్సు పాయె. ఇంగ నీ దగ్గర ఏముండాది?" ఆయన టీ కొట్టతనికి వేలు చూపించాడు. "అప్పా, ఇంకో బన్ను ఇయ్యి. మా అమ్మాయికి."

"నాకొద్దు."

"తిను. ఎట్లాగూ పది నిమిషాల్లో అయిపోతాది."

ఆయన ఆ మాట ప్రేమగానే అన్నాడు. ఆ ప్రేమే ఆమెకు మంట పుట్టించింది. బన్ను తీసుకోకుండా రోడ్డు దాటింది. చేతిలో ఉన్న మునికృష్ణ సారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫైల్లో అడుక్కు తోసేసింది.

"హుమా," అని పిలుపు వచ్చింది.

గదిలో ఒక పెద్ద బల్ల. బల్ల వెనక ఇద్దరు. నారాయణస్వామి ఒకరు. రెండో ఆమె ఈశ్వరమ్మ. అరవై దాటిన మనిషి. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై ఈ ట్రస్టు పెట్టింది ఆమే. పేపరు ముక్కలో వేరుశనక్కాయలు పోసుకుని ఒలుచుకుంటోంది.

"కూర్చోమ్మా. తెలుగులోనే చెప్పు, ఇంగ్లీషు విని విని అలిసిపోయినాం," అంది ఈశ్వరమ్మ.

"మీ గురించి చెప్పండి," అన్నాడు నారాయణస్వామి. "పర్సు తప్ప."

హుమా ఫైలు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"నాకు పర్సు దొరకలేదు సార్. నేనే ఒకటి పోగొట్టుకున్నా. తొంభై ఆరులో, మదనపల్లె బస్టాండులో. దాంట్లో ఎంసెట్ హాల్ టికెట్ ఉండింది."

ఈశ్వరమ్మ చేతిలో కాయ ఒలవకుండా ఆగిపోయింది. "అయ్యో. మరి పరీక్ష?"

"డూప్లికేట్ ఇచ్చినారు మేడం. రాసినా. ర్యాంకు పద్దెనిమిది వేలు. ఆ పోయిన హాల్ టికెట్‌తో రాసుంటే ఇంకా మంచిగా వచ్చుండునని మా అమ్మీ ఇప్పటికీ అంటాది."

ఈశ్వరమ్మ నవ్వింది. ఇది ఇందాకటి నవ్వు కాదని హుమాకు తెలిసింది. ఆమె వెన్ను నిటారుగా అయింది.

"ఇంటర్ బైపీసీ చదివినా మేడం, డాక్టరు కావాలని. డాక్టరు చదువు నాకు అంటలేదు. కప్ప అంటుకునింది. కప్ప బొమ్మ గీయడం. నా రికార్డు చూసి ఇంకో అమ్మాయి గీసిమ్మంది. తర్వాత ఇంకో అమ్మాయి. క్లాసులో ముప్పై రెండు రికార్డుల్లో కప్పలు నేనే గీసినా."

"అది తప్పు కదా?" అంది ఈశ్వరమ్మలోని హెడ్మిస్ట్రెస్.

"తప్పే మేడం. దొరికిపోయినా కూడా. ముప్పై రెండు కప్పలకూ ఎడమ కన్ను కొంచెం పెద్దదిగా ఉండాదని లెక్చరరు కనుక్కున్నాడు."

నారాయణస్వామి కలం మూత తీశాడు. "తర్వాత?"

"డిగ్రీలో పట్టుపురుగుల పెంపకం తీసుకున్నా, మదనపల్లెలోనే. ప్రాక్టికల్‌కు తలా నలభై పట్టుగూళ్లు ఇచ్చినారు. లోపలి పురుగుకు రెక్కలు రాకముందే వాటిని ఆవిరికి పెట్టాల. అప్పుడే దారం వస్తాది. నేను పెట్టలేదు. రెక్కలు ఎట్లా వస్తాయో చూడాలనిపించింది. ఇంటికి తీసుకుపోయినా. నలభైకి నలభై బయటికొచ్చినాయి. గూళ్లన్నిటికీ చిల్లులు. పరీక్ష రోజు సారు ముందర చిల్లుల గూళ్లు పోసినా. మొదటి సంవత్సరంతో ఆ చదువు ఐపోయింది."

"రెక్కలు ఎట్లా వచ్చాయి?" అంది ఈశ్వరమ్మ.

"తడిగా వస్తాయి మేడం, నలిగిన గుడ్డ మాదిరి. గంట లోపల ఇస్త్రీ చేసినట్టు అయిపోతాయి."

ఈశ్వరమ్మ పేపరు ముక్కను హుమా వైపు కొంచెం జరిపింది. "తీసుకో. తింటూ చెప్పు."

హుమా ఒక కాయ తీసుకుంది. తొంభై ఎనిమిదిలో పుంగనూరులో కంప్యూటరు కోర్సు. ఇరవై రెండు మంది విద్యార్థులు, ఒక్క కంప్యూటరు. వారానికి అరగంట మాత్రమే దాని ముందు కూర్చునే వంతు. మిగతా రోజుల్లో అట్ట మీద గీసిన కీబోర్డు మీద వేళ్లు ఆడించాలి. ఆ ఇరవై రెండు అట్టలూ గీసింది హుమానే. ఐదో నెలలో కంప్యూటరు కాలిపోయింది. సెంటరు మూసేశారు. చేతిలో అట్ట మిగిలింది. ఆ తర్వాత దూరవిద్యలో బి.ఎ. చరిత్ర. అది మాత్రం పూర్తయింది, పోయిన సంవత్సరమే.

"చరిత్రలో ఏం అంటుకుంది?" నారాయణస్వామి అడిగాడు. ఆయనకు కూడా పద్ధతి అర్థమవుతోంది.

"రాళ్లు సార్. యుద్ధంలో పోయినోళ్లకు పాతకాలంలో నిలబెట్టిన వీరగల్లులు. పుంగనూరు దగ్గర సోమల పక్క చేలల్లో చానా ఉండాయి. వాటి మీద కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే బొమ్మ దిగుతాది. నేను రుద్దుతా ఉంటే ఊరోళ్లు చుట్టూ చేరి రోడ్డు వేస్తారా అని అడుగుతారు. కాదంటే, అయితే కరెంటా అంటారు. కాదంటే టీ ఇచ్చి పంపిస్తారు."

గదిలో గాలి తేలికయింది. ఈశ్వరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటోంది. హుమాకు ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే నారాయణస్వామి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"బాగుందమ్మా. వినడానికి చాలా బాగుంది. నా అనుమానం ఒక్కటే. డాక్టరు చదువు వదిలేశావు. పట్టు చదువు వదిలేశావు. కంప్యూటరు వదిలేశావు. మా బండిని ఎన్నో నెలలో వదిలేస్తావు?"

హుమా చేతిలో శనక్కాయ అట్లాగే ఉండిపోయింది.

"పోయిన సంవత్సరం ఒకాయనను పెట్టుకున్నాం," అన్నాడాయన. "చాలా తెలివైనవాడు. మూడు వారాలు చేసి, ఇంకెక్కడో వచ్చిందని వెళ్లిపోయాడు. సంవత్సరమంతా బండి షెడ్డులో ఉండిపోయింది. ముప్పై ఆరు బళ్లలో పిల్లలు ఎదురుచూశారు. మాకు తెలివైనవాళ్లు అక్కర్లేదు. ఉండేవాళ్లు కావాలి."

ఆమె కాయను తిరిగి పేపరు ముక్కలో పెట్టేసింది.

"ఉంటానని చెప్పొచ్చు సార్," అంది. "ఇప్పటిదాకా లోపలికి వచ్చిన ఏడుగురూ చెప్పుంటారు. నేను చెప్తే మీరు యాల నమ్మాల?"

"అదే నేనూ అనుకుంటున్నాను."

ఈశ్వరమ్మ చేతులు దులుపుకుంది.

"నీతో ఎవరొచ్చినారు?"

"మా నాయన మేడం. టీ కొట్టు కాడ ఉండాడు."

"పిలువు. ఆయన్నే అడుగుతాం."

హుమా లేచింది. ఈ ఉద్యోగం రాకూడదని ఈ కుప్పం మొత్తంలో కోరుకునే మనిషి ఒకే ఒక్కడు. ఆయన్నే సాక్షిగా పిలుస్తున్నారు. ఆయన అబద్ధం చెప్పనక్కర్లేదు. అవునమ్మా, మధ్యలో వదిలేస్తాది, అంటే చాలు. అది నిజం కూడాను.

ఇమాముద్దీన్ గడప బయట చెప్పులు విడిచి వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మీసానికి బన్ను తునక అంటుకుని ఉంది.

"మీ అమ్మాయి గురించి ఒక్క మాట చెప్పండి," అన్నాడు నారాయణస్వామి. "పట్టుకున్న పనిని మధ్యలో వదిలేసే మనిషేనా?"

ఇమాముద్దీన్ కూతురి వైపు చూశాడు. తర్వాత నేల వైపు.

"వదిలేస్తే నాకు ఈ బాధ యాల సార్?" అన్నాడు ఇమాముద్దీన్.

"అంటే?"

"పట్టు సదువు మానేసి ఐదేండ్లు దాటిపాయె. సదువు పోయింది గాని పురుగులు పోలా. ఇంట్లోనే ఉండాయి. ఆ రెక్కల పురుగులు గుడ్లు పెట్టె. గుడ్లు పురుగులాయె. మళ్లా గూళ్లు, మళ్లా రెక్కలు. ఐదేండ్లుగా ఇదే కత. పొద్దు లేస్తే మల్బరీ ఆకు కోసం రెండు మైళ్లు నడుస్తాది. వానలో కూడా పోతాది. చుట్టాలింట్లో పెండ్లి అంటే నేనూ మా ఇంటామె రహీమా పోతాం. ఇదేమో రాదు. ఆకు ఎవురు వేస్తారు అంటాది. తట్టలు యాడ పెట్టిందో తెల్సునా? నా మంచం కింద. అవి నమలతా ఉంటే వాన పడినట్టే ఉంటాది సప్పుడు. రెండు తడవలు లేచి బట్టలు తీయడానికి మిద్దె మీదికి పోయినా."

ఈశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇమాముద్దీన్ చూడలేదు. ఇన్నాళ్లకు తన గోడు వినేవాళ్లు దొరికారు.

"ఇంగ కంప్యూటరు సంగతి. అది కాలిపోయి నాలుగేండ్లు. ఈమె దగ్గర అట్ట ఉండాది. దాన్ని గోడకు తగిలించి రోజూ పొద్దున్నే పది నిమిషాలు కొడతాది. టక టక అనే సప్పుడు కూడా రాదు. ఏం కొడతాందో ఆ దేవుడికే తెలియాల. కంప్యూటరే లేదు గదమ్మా అంటే, వచ్చినప్పుడు వేళ్లు మర్చిపోకూడదు అంటాది."

"రాళ్లు?" అన్నాడు నారాయణస్వామి.

"ఆ రాళ్ల సంగతి అడగొద్దు సార్. సోమల పక్క ఒక రాయి ఉండాది. దానికోసం తొమ్మిది తడవలు పోయినాం. ఆదివారం అంగడి మూసి నేనే తోడు పోవాల. మొదటి తడవ వాన. రెండో తడవ దానికి ఎనుము కట్టేసుండారు, అది లేవదు. ఇంకో తడవ ఆ చేను ఆసామి ఊర్లో లేడు. ఒక తడవ కాగితమే గాలికి పాయె. నేను ఆరో తడవకే చెప్పినా, వదిలెయ్ బేటీ, మాంచి రాళ్లు ఇంకా ఉండాయి అని. ఊహూ. తొమ్మిదో తడవకు ఎక్కింది బొమ్మ. నేనే కాగితం పట్టుకున్నా. గుర్రం మీద మనిషి. చెయ్యి ఎత్తి ఉంటాడు. బాగుంటాది సార్, అది వేరే సంగతి." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "పట్టుకుంటే వదలదు. అదీ నా బాధ."

ఇమాముద్దీన్ బల్ల వెనక ఇద్దరినీ చూశాడు. ఈశ్వరమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నారాయణస్వామి కళ్లజోడు మళ్లీ పెట్టుకుని కాగితం మీద సంతకం చేస్తున్నాడు. హుమా తల వంచుకుని ఉంది, భుజాలు కదులుతున్నాయి.

"నేను ఏదో తప్పు చెప్పినట్టుండాది," అన్నాడు ఇమాముద్దీన్ మెల్లగా.

"లేదు," అన్నాడు నారాయణస్వామి. "పొద్దున్నుంచి విన్నవాటిలో ఇదొక్కటే నేను నమ్మాను."

"మరి నా ముందు పోయిన సారు?" హుమా తల ఎత్తింది. "పదకొండేండ్లు ఒకే బళ్లో..."

"మంచి మనిషి. ఆయన్నే తీసుకుందామనుకున్నాం," అంది ఈశ్వరమ్మ. "కాని వ్యాను ఎక్కితే వాంతులవుతాయట. అడక్కుండా ఆయనే చెప్పినాడు. మా ఆఫీసులో కూర్చునే పని ఏమన్నా ఉంటాదేమో చూస్తాం." ఆమె ఇమాముద్దీన్ వైపు తిరిగింది. "సోమవారం నుంచి రావాల. ఒక సంవత్సరం ఉంటానని రాసియ్యాల. మీకు సమ్మతమేనా?"

ఇది అసలు ప్రశ్న. హుమాకు తెలుసు. ఇప్పుడు ఆయన లేదంటే లేదు.

ఇమాముద్దీన్ రెండు అరచేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. దూది ఏకి ఏకి గట్టిపడిన చేతులు.

"పొద్దున మాట ఇచ్చినా మేడం. వస్తే అడ్డం రానని. వస్తాదని అనుకోలే, అందుకే ఇచ్చినా. ఇచ్చింది ఇచ్చిందే." తర్వాత వ్యాపారస్తుడు మేలుకున్నాడు. "యాడ ఉంటాది?"

"మా ఇంటి మిద్దె మీద గది ఉంది. నాతోనే తింటాది."

"బండి ఎవురు నడుపుతారు?"

"దాసప్ప. పాతికేండ్లుగా బండ్లు నడుపుతున్నాడు. ముగ్గురు కూతుళ్లున్నారు."

"తాగుతాడా?"

"కాఫీ."

ఇమాముద్దీన్ తల ఊపాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"మేడం, ఇంకొక్క మాట. ఆ పురుగుల్ని కూడా ఈడికే తెచ్చుకోవచ్చునా? ఏడు తట్టలు."

"బండిలోనే పెడదాం," అంది ఈశ్వరమ్మ. "పిల్లలు చూస్తారు."

ఆ మాట విన్నాక ఆయన మొహంలో కనిపించిన వెలుగును హుమా చాలా కాలం గుర్తుపెట్టుకుంది.

సాయంత్రం నాలుగు గంటల పుంగనూరు బస్సు. కిటికీ పక్క హుమా, మధ్యలో ఇమాముద్దీన్, అటు చివర ఒక పెద్దాయన, ఒడిలో బీన్స్ మూట. వి.కోట దాకా ఇమాముద్దీన్ బయట టమాటా తోటలు చూస్తూ కూర్చున్నాడు.

"ఆదివారం సెలవేనా నీకు?" అన్నాడు ఉన్నట్టుండి.

"సెలవే."

"ఆ మేడం ఊర్లోనే ఉండిపొమ్మంటాదేమో."

"అనదు. నేను వస్తా."

"వస్తే మంచిదే. కుప్పం పక్క కూడా చేలల్లో రాళ్లు ఉంటాయంట. ఆ టీ కొట్టు అతను చెప్పినాడు. నువ్వు లోపలుండగా అడిగినా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్కదానివే పోబాకు. కాగితం పట్టుకునేదానికి మనిషి కావాల గదా. నేనే వస్తా."

హుమా ఆయన మీసానికి ఇంకా అంటుకుని ఉన్న బన్ను తునకను వేలితో తీసేసింది.

పక్కనున్న పెద్దాయన బీన్స్ మూటను ఈ మోకాలి మీద నుంచి ఆ మోకాలి మీదికి మార్చుకున్నాడు. దూరప్రయాణంలో మాటలకు మొహం వాచినట్టున్నాడు.

"కూతురా అప్పా?"

"అవునప్పా. ఉద్యోగం వచ్చింది, ఈ పొద్దే. సైన్సు బండికి టీచరు," అన్నాడు ఇమాముద్దీన్. పుంగనూరులో ఏ అంగట్లోనూ ఆయన అంత గట్టిగా మాట్లాడి ఉండడు. ముందు సీట్లో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

"బాగుండాది. ఏం సదివినాది?"

ఇమాముద్దీన్ నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. పెద్దాయన మొహం చూశాడు, ఒడిలో మూట చూశాడు, కిటికీలో నుంచి పరుగెత్తుతున్న రోడ్డు చూశాడు.

"నువ్వు యాడ దిగతావప్పా?" అన్నాడు. "పలమనేరులోనా, పుంగనూరు దాకా వస్తావా?"